ఆరుముప్పావు లీటర్ల ఇంజన్‌కి టర్బో ఎందుకు? బెంట్లీ వి8 కథ, మన ఘాట్ రోడ్ల సంగతి

రాయగడ నుంచి ఒక తమ్ముడు మూడు ప్రశ్నలు కలిపి అడిగాడు. డిప్లొమా మెకానికల్ చదువుతున్నాడట. బెంట్లీ వాళ్ల 6.75 లీటర్ల వి8 (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న) ఇంజన్ 1959లో పుట్టి 2020 దాకా ఎలా నడిచింది, కొత్త ఇంజన్ చేసుకోకుండా పాతదానికే టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే చక్రం) ఎందుకు తగిలించారు అన్నది మొదటిది. అంత ఖరీదైన కారులో టర్బో ల్యాగ్‌ని, అంటే తొక్కాక టర్బో అందుకునేదాకా పట్టే ఆలస్యాన్ని, ఎలా భరించారు అన్నది రెండోది. మూడోది ఇంటి ప్రశ్న: వాళ్ల మామయ్య విశాఖలో ఒక సెకండ్ హ్యాండ్ జర్మన్ టర్బో పెట్రోల్ కారు చూసొచ్చారు, మన ఘాట్‌లలో అది పనికొస్తుందా?

నా సంగతి ముందే చెబుతాను. సునాబేడ హెచ్‌ఏఎల్‌లో, ఇంజన్ డివిజన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు సెమిలిగుడలో మా అబ్బాయి షెడ్డులో కూర్చుంటున్నాను. మా దగ్గరికి వచ్చేవి ఇన్నోవాలు, బొలేరోలు, దమన్‌జోడి వైపు తిరిగే టిప్పర్లు. బెంట్లీ ఇంజన్‌ని నా చేత్తో విప్పలేదు, కోరాపుట్ జిల్లాలో విప్పినవాళ్లు ఉంటారనీ అనుకోను. కానీ టర్బైన్ అంటే ఏమిటో, వేడికి లోహం ఏమైపోతుందో ఉద్యోగం పుణ్యమా అని దగ్గరగా చూశాను. ఈ ఇంజన్ మీద మాత్రం నాకు కొంచెం పిచ్చి ఉంది, ఒప్పుకుంటాను. అందుకే జవాబు పొడుగైంది.

ముందు పుట్టుక. రోల్స్ రాయిస్ 1931లోనే బెంట్లీని కొనేసింది. 1950ల నాటికి రెండు పేర్ల మీద అమ్మే కార్లు ముందు గ్రిల్లు తప్ప దాదాపు ఒకటే. వాటిలో వరుసగా ఆరు సిలిండర్లున్న 4.9 లీటర్ల ఇంజన్ ఉండేది. కార్లు బరువెక్కుతున్నాయి, పవర్ స్టీరింగ్, ఏసీ లాంటివన్నీ ఇంజన్ నెత్తిన పడుతున్నాయి, పైగా అమెరికా కస్టమర్లకి పెద్ద వి8ల అలవాటు. అందుకని 1959లో సిల్వర్ క్లౌడ్ 2, బెంట్లీ ఎస్2 కార్లతో కొత్త వి8 దించారు. 6,230 సీసీ. అల్యూమినియం బ్లాకు, అందులో కూలెంట్ నేరుగా తగిలే ఇనుప లైనర్లు, వి మధ్యలో వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఒకే ఒక్కటి. దాన్ని తిప్పడానికి చెయినూ బెల్టూ కాదు, గేర్లు పెట్టారు. అక్కడి నుంచి ఆ కదలికని వాల్వుల దాకా మోసే హైడ్రాలిక్ ట్యాపెట్లు, పుష్‌రాడ్లు, సిలిండర్‌కి రెండే వాల్వులు. బోరు (సిలిండర్ వెడల్పు) 4.1 అంగుళాలు, ఎల్410 అనే కోడ్ పేరు అందులోంచే వచ్చింది. 1970లో స్ట్రోకుని (పిస్టన్ కదిలే దూరం) 3.6 అంగుళాల నుంచి 3.9కి పెంచి 6,750 సీసీ చేశారు. ఆ తర్వాత యాభై ఏళ్లు బోరూ మారలేదు, స్ట్రోకూ మారలేదు.

మెకానిక్‌గా నాకు బాగా నచ్చిన ఒక ముచ్చట ఉంది. మొదటి కార్లలో స్పార్క్ ప్లగ్గులు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కిందకి పడ్డాయి. బానెట్ ఎత్తి చూస్తే ప్లగ్గు కనపడేది కాదు. కారు జాకీ మీద ఎత్తి, ముందు చక్రం ఊడదీసి, చక్రం వెనకున్న రేకు మూత విప్పి, అందులోంచి చెయ్యి పెట్టి ప్లగ్గు మార్చాలి. ప్రపంచంలో అత్యుత్తమ కారు అని చెప్పుకునేవాళ్లు చేసిన పని ఇది! 1965లో సిల్వర్ షాడో వచ్చినప్పుడు హెడ్డు మార్చి ప్లగ్గుల్ని పైకి తెచ్చారు. ఈ ఇంజన్ చరిత్రంతా ఇలాగే నడిచింది. ఎక్కడ ఇబ్బంది వస్తే అక్కడ విప్పి సరిచేశారు, కింది భాగం, అంటే బ్లాకు, క్రాంకుల జోలికి మాత్రం ఎక్కువగా పోలేదు.

ఆ కింది భాగం ఎందుకంత గట్టిగా నిలబడిందో చెప్పాలి. ఇది నిదానంగా తిరిగే ఇంజన్. చివరి మోడళ్లలో కూడా 4,500 ఆర్‌పీఎం దగ్గరే దాని పని అయిపోతుంది. మన మారుతి పెట్రోల్ ఇంజన్లు 6,000 దాటతాయి. ఆర్‌పీఎం రెట్టింపైతే క్రాంకు మీద, రాడ్ల మీద పిస్టన్ గుంజుడు నాలుగింతలు అవుతుంది. నిదానంగా తిరిగే పెద్ద ఇంజన్‌కి ఆ భారం తక్కువ కాబట్టి, సిలిండర్ లోపల ఒత్తిడి పెంచుకోవడానికి కొంత మిగులు ఉంటుంది. ఆ మిగులునే తర్వాత టర్బో వాడుకుంది. 1959లో దీన్ని గీసినవాళ్ల ఆలోచనలో టర్బో లేదు. వాళ్లకి కావలసింది ఒకటే: వెనక సీట్లో కూర్చున్న పెద్దమనిషికి ఇంజన్ ఉన్నట్టే తెలియకూడదు. హార్స్‌పవర్ ఎంత అని అడిగితే కంపెనీ అంకె చెప్పేది కాదు. సరిపడా ఉంది అనేవారు, అంతే.

ఇక టర్బో ఎందుకు పెట్టారంటే, సూటిగా చెప్పాలంటే డబ్బుల్లేక. 1973 చమురు సంక్షోభం తర్వాత పెద్ద కార్ల గిరాకీ పడిపోయింది. అమెరికా పొగ నిబంధనలు బిగుసుకునేకొద్దీ ఉన్న పవర్ కూడా తగ్గుతూ వచ్చింది. బెంట్లీ పేరు రోల్స్ రాయిస్ పక్కన నామమాత్రంగా మిగిలింది. 1980లో కంపెనీ వికర్స్ అనే బ్రిటిష్ ఇంజనీరింగ్ సంస్థ చేతికి వెళ్లింది. కొత్త ఇంజన్ గీసి, అచ్చులు పోసి, పరీక్షించాలంటే అయ్యే ఖర్చు ఏడాదికి కొద్ది వేల కార్లు అమ్మే కంపెనీ తట్టుకోలేదు. ఉన్న ఇంజన్‌తోనే పికప్ పెంచాలి. ఆర్‌పీఎం పెంచుదామంటే పుష్‌రాడ్లు, బరువైన ట్యాపెట్లు ఒప్పుకోవు, పైగా చప్పుడొస్తుంది. బోరు పెంచడానికి లైనర్ల మధ్య జాగా లేదు. మిగిలింది లోపలికి వెళ్లే గాలిని నొక్కి పంపడమే.

టర్బో అప్పటికి కొత్తదేమీ కాదు. ఎగ్జాస్ట్ పొగతో చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలిని కుదించే ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఓడలు, రైళ్లు, విమానాలు దాన్ని వాడుకున్నాయి. కార్లలోకి 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవ్రొలే కార్వెయిర్‌లతో వచ్చింది. 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో, 1975లో పోర్షే 911 టర్బో వచ్చాక టర్బో అంటే కుర్రకారు వ్యవహారం అని పేరు పడింది. తొక్కితే ముందు ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారి వీపు మీద తన్నినట్టు ఉంటుంది. 1978లో మెర్సిడెస్ 300ఎస్‌డీ అనే డీజిల్ సెడాన్‌తో పెద్దమనుషుల కారులో కూడా టర్బో ఇమడగలదని కొంత తెలిసింది.

1982 మార్చిలో జెనీవా మోటార్ షోలో బెంట్లీ మల్సాన్ టర్బో చూపించారు. గారెట్ కంపెనీ టర్బో ఒక్కటే. ఇంజెక్షన్ లేదు, సోలెక్స్ నాలుగు బ్యారెళ్ల కార్బ్యురేటర్. ఇక్కడ ఒక చిక్కుంది, డిప్లొమా కుర్రాడివి కాబట్టి జాగ్రత్తగా చూడు. కార్బ్యురేటర్ పనిచేసేది ఫ్లోట్ బౌల్‌లోని (పెట్రోల్ నిలిచే గిన్నె) ఒత్తిడికీ, వెంచురీలోని (గాలి దూసుకెళ్లే ఇరుకు గొంతు) ఒత్తిడికీ మధ్య తేడా మీద. టర్బో నుంచి ఒత్తిడితో గాలి పంపిస్తే వెంచురీలో ఒత్తిడి బౌల్ కన్నా ఎక్కువైపోతుంది. పెట్రోల్ పైకి రాకపోగా వెనక్కి తోసుకుపోతుంది. అందుకని కార్బ్యురేటర్ మొత్తాన్నీ గాలి చొరని ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెనే టర్బో గాలితో నింపారు. అప్పుడు బౌల్ మీదా, వెంచురీలోకి వెళ్లే గాలికీ ఒకే ఒత్తిడి, కాబట్టి వెంచురీలో పుట్టే తేడా మామూలుగానే ఉంటుంది. పెట్రోల్ పంపు మాత్రం ఆ పెట్టెలోని ఒత్తిడిని మించి నెట్టగలగాలి. ఎలక్ట్రానిక్స్ లేకుండా బుర్రతో చేసిన పని ఇది. పవర్ దాదాపు సగం పెరిగి 300 హార్స్‌పవర్ దగ్గరికి చేరింది.

పవర్ పెరిగాక తెలిసింది, కింద చాసిస్ ఇంకా మెత్తటి పరుపులాగే ఉందని. మలుపు తిరిగితే కారు ఒరిగిపోయేది. 1985లో వచ్చిన టర్బో ఆర్ దీనికి జవాబు. ఆర్ అంటే రోడ్ హోల్డింగ్. కారు ఒరగకుండా ఆపే యాంటీరోల్ బార్లు బాగా బిగువు చేశారు, డ్యాంపర్లు మార్చారు. నన్నడిగితే బెంట్లీని బతికించింది 1982 కారు కన్నా ఈ 1985 కారే. సాలూరు లారీ మేస్త్రీలు ఇప్పటికీ అంటుంటారు, ఇంజన్ పెంచినవాడు ముందు బ్రేకులు చూడాలి అని. వాళ్లు చెప్పేది చాలావరకు లారీల అనుభవమే కానీ ఇక్కడా అదే వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. టర్బో తగిలించడం పెద్ద పని కాదు, మంచి ఫ్యాబ్రికేటర్ ఉంటే మానిఫోల్డ్ చేసి బిగించేయొచ్చు. ఆ టర్బో తెచ్చే వేడినీ ఒత్తిడినీ మిగతా ఇంజన్ చేత మోయించడం పెద్ద పని. 1982 నుంచి 2020 దాకా ఈ ఇంజన్ మీద జరిగిన పనిలో ఎక్కువ భాగం అదే.

వేడి రెండు చోట్ల పుడుతుంది. ఒకటి గాలి వైపు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు కొట్టిన ఎవరికైనా తెలిసిందే. మే నెలలో బయట 40 డిగ్రీలు ఉందనుకో. ఆ గాలిని ఒకటిన్నర రెట్లు కుదిస్తే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, బయటికి వచ్చేసరికి 95 డిగ్రీలు అవుతుంది. 1.7 రెట్లు కుదిస్తే 110 దాటుతుంది. వేడి గాలి పలచన, అంటే కుదించిన ఫలితం కొంత అక్కడే పోయింది. అంతకన్నా ప్రమాదం నాకింగ్. ప్లగ్గు వెలిగించకముందో, వెలిగించాక మంట అందకముందో మిగతా పెట్రోల్ దానంతటదే అంటుకుంటుంది. పిస్టన్ తల మీద సుత్తి దెబ్బలు పడ్డట్టే. అందుకే మొదటి టర్బో కారులో కంప్రెషన్ రేషియో (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క) 8 దగ్గర ఉంచారు, బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే ఒత్తిడి) తక్కువ పెట్టారు. 1986-87 ప్రాంతంలో బాష్ ఇంజెక్షన్ వచ్చాక పెట్రోల్ కొలత కచ్చితమైంది, కార్బ్యురేటర్ పెట్టె బాధ పోయింది. 1990ల మధ్యలో ఇంటర్‌కూలర్ వచ్చి గాలిని చల్లబరిచాక పవర్ 400 దాకా ఎక్కింది. టర్బో వచ్చిన పన్నెండేళ్లకి ఇంటర్‌కూలర్! ఈ రోజుల్లో ఇంటర్‌కూలర్ లేకుండా చిన్న టర్బో కారు కూడా దాదాపు రాదు. అప్పట్లో తక్కువ బూస్ట్‌తోనే పెద్ద ఇంజన్ పని జరిగిపోయేది కాబట్టి తొందరపడలేదు.

రెండో వేడి ఎగ్జాస్ట్ వైపు. డీజిల్ ఇంజన్ పొగ టర్బైన్‌కి చేరేసరికి 700, 800 డిగ్రీలు ఉంటుంది. పెట్రోల్‌లో గట్టిగా తొక్కితే 950 నుంచి 1,050 దాకా పోతుంది. ఆ వేడిలో లక్ష ఆర్‌పీఎం పైన తిరిగే చక్రం ఉక్కుతో చేస్తే సాగిపోతుంది. ఒక్కసారిగా విరగడం వేరు, గంటల తరబడి వేడిలో లాగుడికి మిల్లీమీటరులో వందో వంతు చొప్పున సాగుతూ పోవడం వేరు. దీన్నే క్రీప్ అంటారు. సునాబేడలో మిగ్ విమానాల ఇంజన్ బ్లేడుల దగ్గర మేం పడ్డ తిప్పలన్నీ దీనితోనే. అందుకే అక్కడా ఇక్కడా నికెల్ మిశ్రమాలే వాడతారు. కారు టర్బోలోని ఆ వేలెడు చక్రం, విమానం టర్బైన్ డిస్కు ఒకే కుటుంబం. తేడా ఏమిటంటే విమానానికి గంటల లెక్కన ఓవర్‌హాల్ ఉంటుంది, కారు టర్బోని పాడయ్యేదాకా ఎవరూ తలుచుకోరు.

చక్రం ఇంత వేడిలో ఉంటే దాని షాఫ్ట్ అవతలి కొస కంప్రెసర్ వైపు చల్లగా ఉండాలి. మధ్యలో బేరింగ్. అది బాల్ బేరింగ్ కాకపోతే, ఆయిల్ పొర మీద తేలే బుష్ మాత్రమే. ఇంజన్ ఆయిలే దానికి ప్రాణం. ఈ మాట గుర్తుపెట్టుకో, మూడో ప్రశ్నలో దీనితో పని ఉంది.

ల్యాగ్ సంగతికి వద్దాం. బెంట్లీకి ఇక్కడ అదృష్టం కలిసొచ్చింది. ఒకటిన్నర లీటర్ల ఇంజన్‌లో టర్బో తిరగకముందు లాగడానికి ఏమీ ఉండదు, అందుకే ల్యాగ్ కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఆరుముప్పావు లీటర్లలో టర్బో లేకపోయినా కారు కదలడానికి కావలసినంత టార్క్, అంటే తిప్పే బలం, ఉంది. దానికి తోడు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో టార్క్ కన్వర్టర్. మొదట్లో జనరల్ మోటార్స్ మూడు గేర్ల పెట్టె, 1990ల మొదట్లో నాలుగు గేర్లది. తొక్కగానే కన్వర్టర్ కొంచెం జారి ఇంజన్‌ని పైకి లేవనిస్తుంది, ఈలోపు టర్బో అందుకుంటుంది. కూర్చున్నవాడికి తెలిసేది ఒక్కటే, నెమ్మదిగా మొదలై ఆగకుండా వచ్చే తోపుడు. ఇంకో మేలు కూడా ఉంది. టర్బైన్ చక్రం ఎగ్జాస్ట్ దెబ్బల్ని మింగేస్తుంది కాబట్టి సైలెన్సర్ పని సగం అదే చేస్తుంది. లగ్జరీ కారుకి టర్బో నప్పడానికి ఈ నిశ్శబ్దం కూడా ఒక కారణం. దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు.

అయినా ల్యాగ్ పూర్తిగా పోలేదు. చక్రం జడత్వం దాని వ్యాసానికి ఐదో ఘాతంలో పెరుగుతుంది. వ్యాసం సగం చేస్తే జడత్వం ముప్పై రెండో వంతుకి పడిపోతుంది. అందుకే ఒక పెద్ద టర్బో బదులు రెండు చిన్నవి పెడితే రెండూ చకచకా లేస్తాయి. బెంట్లీ ఆ పని 2002లో ఆర్నాజ్ కారులో చేసింది. అంతకుముందు జరిగిన ఒక తమాషా చెప్పకుండా ఉండలేను.

1998లో ఆర్నాజ్ కొత్తగా వచ్చినప్పుడు, ముసలి ఇంజన్‌ని పక్కన పెట్టేసి బీఎండబ్ల్యూ 4.4 లీటర్ల వి8కి రెండు టర్బోలు పెట్టి దించారు. నాలుగు వాల్వులు, ఓవర్‌హెడ్ క్యామ్‌లు, అన్నీ ఆధునికం. అదే ఏడాది కంపెనీ అమ్మకానికొచ్చింది. ఇంగ్లండ్‌లోని క్రూ ఫ్యాక్టరీ, బెంట్లీ ఫోక్స్‌వ్యాగన్‌కి దక్కాయి, రోల్స్ రాయిస్ పేరు బీఎండబ్ల్యూకి పోయింది. పోటీ కంపెనీ దగ్గర ఇంజన్ కొనుక్కునే పరిస్థితి ఎన్నాళ్లు సాగుతుంది? మరుసటి ఏడాదే, 1999లో, రెడ్ లేబుల్ పేరుతో పాత 6.75 ఇంజన్‌ని మళ్లీ అదే కారులోకి ఎక్కించారు. పవర్ 400, టార్క్ 835 న్యూటన్ మీటర్లు. కొనేవాళ్లు కూడా దానివైపే మొగ్గారు. రిటైరైన మనిషిని మళ్లీ డ్యూటీకి పిలిస్తే పాతికేళ్ల కుర్రాళ్ల కన్నా బాగా చేసినట్టు అయింది. ఇది కేవలం సెంటిమెంట్ అనుకోకు. రెండున్నర టన్నుల కారుని చప్పుడు లేకుండా కదిలించాలంటే తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ కావాలి, దానికి సీసీని మించిన మందు లేదు.

2002లో రెండు గారెట్ టర్బోలతో ఆర్నాజ్ టీ 450 హార్స్‌పవర్, 875 న్యూటన్ మీటర్లకి చేరింది. 2007 మోడల్‌కి ఇంకా తేలికైన మిత్సుబిషి టర్బోలు వేసి 500, 1,000 చేశారు. తర్వాత పెద్ద మార్పు 2010 మల్సాన్‌తో. క్రాంకు, రాడ్లు, పిస్టన్లు కొత్తవి, తేలికైనవి. అన్నిటికన్నా చమత్కారం వాల్వుల దగ్గర. ఉన్నది ఒక్క క్యామ్‌షాఫ్ట్, దాని మీదే ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వాల్వుల్ని నెట్టే లోబులు (ఉబ్బెత్తులు). ఆధునిక ఇంజన్లలో లాగ రెండిటినీ విడివిడిగా జరపలేరు. అందుకని మొత్తం క్యామ్‌ని ఒకేసారి ముందుకీ వెనక్కీ జరిపే ఫేజర్ పెట్టారు. పూర్తి లాభం రాకపోయినా సగం వస్తుంది. హైవే మీద నిదానంగా పోతున్నప్పుడు నాలుగు సిలిండర్ల వాల్వులు తెరుచుకోకుండా ట్యాపెట్ల దగ్గరే ఆపేసే ఏర్పాటు కూడా చేశారు. పుష్‌రాడ్ ఇంజన్‌లో ఈ పని ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజన్ కన్నా తేలిక, పాత డిజైన్ ఒక్కోసారి ఇలా కలిసొస్తుంది.

చివరికి మల్సాన్ స్పీడ్‌లో 530 హార్స్‌పవర్, 1,100 న్యూటన్ మీటర్లు, అదీ 1,750 ఆర్‌పీఎం దగ్గరే. లెక్క వేసి చూడు: 1,750 దగ్గర 1,100 అంటే సుమారు 270 హార్స్‌పవర్. ఐడిల్‌కి కాస్త పైన, ఇంజన్ ఇంకా గొంతు సవరించుకోకముందే అంత పవర్. మన దగ్గర టాటా ప్రైమా లారీల్లో వచ్చే కమిన్స్ డీజిల్ కూడా 6.7 లీటర్లే, టార్క్ కూడా 1,000 చుట్టుపక్కలే. అంటే బెంట్లీ పెట్రోల్‌తో లారీ పని చేస్తోంది, లోపల గ్లాసులో నీళ్లు కదలకుండా. లీటరుకి 163 న్యూటన్ మీటర్లు. ఈ కాలపు రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్లు కొన్ని లీటరుకి 200 ఇస్తున్నాయి. కాబట్టి చివరికి కూడా ఈ ఇంజన్‌ని పూర్తిగా పిండలేదు, అదే దాని ఆయుష్షు రహస్యం.

2020 జూన్‌లో క్రూలో ఆఖరి ఇంజన్ బిగించారు. అరవై ఏళ్లలో మొత్తం 36,000 చేశారు. అరిగిపోయి ఆగలేదు. ఉద్గారాల నిబంధనలే దాన్ని ఆపాయి. సిలిండర్‌కి రెండు వాల్వులు, ఒక్క క్యామ్‌తో పొగని ఇంకా శుభ్రం చేయడం కుదరదు. బెంట్లీలోనే 2012 నుంచి ఉన్న 4.0 లీటర్ల వి8లో టర్బోలు వి మధ్యలోనే కూర్చుంటాయి. పొగ నడిచే దారి తగ్గి ల్యాగ్ తగ్గింది, క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కుతుంది. కాగితం మీద అన్నీ మేలే. బానెట్ కింద వేడి మాత్రం అంతా ఒకే చోట పోగుపడుతుంది. ప్లాస్టిక్ కనెక్టర్లు, రబ్బరు హోసులు, గాస్కెట్లు అక్కడే ముందు పోతాయి. మామయ్య గారి కారు వి8 అయితే ఇది గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు మన ఘాట్ల సంగతి. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తు. విశాఖతో పోలిస్తే గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. టర్బో లేని బండి సాలూరు దాటి సుంకి, పొట్టంగి ఎక్కేసరికి ఆ మేరకు పవర్ కోల్పోతుంది. రెండో గేరులో గోల పెట్టేది అందుకే. టర్బో బండి కోల్పోదు, లేదా చాలా తక్కువ కోల్పోతుంది. ఎలాగంటే, పాత రకం వేస్ట్‌గేట్ (మిగులు పొగని టర్బైన్ పక్కనుంచి పంపే తలుపు) స్ప్రింగుతో పనిచేస్తుంది, బయటి గాలి కన్నా ఇంత ఎక్కువ అని మాత్రమే దానికి తెలుసు. బయటి ఒత్తిడే తగ్గితే మొత్తం కూడా కొంచెం తగ్గుతుంది. కొత్త బళ్లలో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) మానిఫోల్డ్‌లో అసలు ఒత్తిడి ఎంతో సెన్సార్‌తో చూసి, వేస్ట్‌గేట్‌ని ఆలస్యంగా తెరుస్తుంది. విశాఖలో 1.6 రెట్లు కుదించాల్సిన గాలిని కోరాపుట్‌లో 1.75 రెట్లు దాకా కుదిస్తుంది. నీకు పికప్ తేడా తెలియదు. కానీ టర్బో ఎక్కువ వేగంగా తిరిగింది, గాలి ఎక్కువ వేడెక్కింది, ఎగ్జాస్ట్ ఎక్కువ మండింది. ఎక్కేటప్పుడు సుఖం, ఎక్కాక జాగ్రత్త.

జాగ్రత్త అంటే ఇది. ఘాట్ మొత్తం తొక్కుకుంటూ వచ్చి, టీ కోసం పైన ఆపి వెంటనే ఇంజన్ ఆపేస్తే, టర్బైన్ చక్రంలో ఉన్న వేడి షాఫ్ట్ మీదుగా బేరింగ్‌లోకి దిగుతుంది. ఆయిల్ పంపు ఆగిపోయింది, కాబట్టి బుష్ చుట్టూ ఉన్న కాస్త ఆయిల్ మాడి బొగ్గవుతుంది. కొత్త కార్లలో ఇంజన్ ఆపాక కూడా ఎలక్ట్రిక్ పంపు టర్బోకి కూలెంట్ పంపిస్తూనే ఉంటుంది, అందుకని ఇబ్బంది తగ్గింది. అయినా ఆఖరి కిలోమీటరు నిదానంగా నడిపి, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపడానికి ఖర్చేమీ లేదు. మా షెడ్డులో విప్పిన టర్బోల్లో ఆయిల్ వచ్చే సన్నటి గొట్టంలో నల్లటి పెంకు కట్టి ఉండటం మామూలుగా కనిపిస్తుంది. అందులోంచి సూది కూడా దూరదు. చౌక ఆయిల్ వేసి, ఇంకో రెండు వేలు తిరగనీ అని మార్పు వాయిదా వేసిన బళ్లే అవి.

రెండోది మన ఎర్రదుమ్ము. దమన్‌జోడి, లక్ష్మీపూర్ వైపు తిరిగే బళ్లకి ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత సరిగా క్లిప్ పడకపోతే చాలు, దుమ్ము నేరుగా కంప్రెసర్ చక్రానికి తగులుతుంది. అల్యూమినియం రెక్కల అంచులు పలచబడి, వేలు పెడితే గరుగ్గా తగులుతాయి. రెక్క అరిగిందంటే ఆ దుమ్ము బోరులోకి కూడా వెళ్లిందనే అర్థం.

మూడోది పెట్రోల్. చాలా జర్మన్ టర్బో కార్లు 95 ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే అంకె) అడుగుతాయి, మన బంకుల్లో మామూలు పెట్రోల్ ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపినది) రాకముందు 91 ఉండేది. ఆక్టేన్ చాలకపోతే నాక్ సెన్సార్ ఇంజన్‌ని కాపాడుతుంది కానీ టైమింగ్ వెనక్కి లాగుతుంది, పవర్ తగ్గుతుంది. ఎత్తు వల్ల పోని పవర్ ఇలా పోతుందన్నమాట. ఫిల్లర్ మూత లోపలి స్టిక్కర్ మీద ఏం రాసుందో మామయ్యని చూడమను. ఇ20 పెట్రోల్‌కి ఆ బండి పనికొస్తుందో లేదో ఓనర్ మాన్యువల్‌లో చూడాలి, పాత మోడల్ అయితే మరీ.

కొనొచ్చా అంటే, బండి బాగుంటే కొనొచ్చు, ఘాట్‌కి టర్బో మంచిదే. బాగుందో లేదో తెలుసుకోవాలంటే రాత్రంతా ఆపి ఉంచిన బండిని పొద్దున చల్లగా స్టార్ట్ చేయించండి. మొదటి రెండు సెకన్లు టైమింగ్ చెయిన్ (క్యామ్‌ని తిప్పే గొలుసు) గలగల వినిపిస్తే బేరం అక్కడే ఆపేయండి. పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఒక్కసారి రేజ్ చేస్తే నీలం పొగ వస్తే ఆయిల్ లోపలికి దిగుతోంది. అది టర్బో సీలు కావచ్చు, వాల్వు సీళ్లు కావచ్చు, రెండూ ఖరీదే. బీచ్ రోడ్డు మీద టెస్ట్ డ్రైవ్‌తో ఏమీ తెలియదు. సింహాచలం కొండ ఘాట్ ఎక్కించండి, పైన ఆపి కూలెంట్ టెంపరేచర్, ఆయిల్ టెంపరేచర్ స్కానర్‌లో చూడండి. గాలి గొట్టం ఒకటి ఊడదీయనిస్తే కంప్రెసర్ షాఫ్ట్‌ని వేలితో కదిపి చూడాలి. అటూ ఇటూ కొంచెం ఊగితే తప్పులేదు, అది ఆయిల్ పొర జాగా. లోపలికీ బయటికీ జరిగితే మాత్రం టర్బో అయిపోయినట్టే. ఇవన్నీ చేయనివ్వనంటే ఆ అమ్మేవాడికి ఏదో తెలుసు.

మోడల్ సంవత్సరం, ఎన్ని సిలిండర్లు, సర్వీస్ బుక్‌లో ఆయిల్ మార్చిన తేదీలు, కిలోమీటర్లు రాయి తమ్ముడూ. కుదిరితే స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత సర్దుతోందన్న అంకె) ఎంత చూపించిందో కూడా. అవి చూశాక ధర సంగతి మాట్లాడదాం.